రెండు రోజులు... మూడు రేవులు

చివరి సెమిస్టర్ అయిపోయింది. ఆఫర్ లెటర్ రాలేదు, వచ్చినా జాయినింగ్ తేదీ తేలలేదు. ఇంట్లో ‘ఏమైంది?’ అనే ప్రశ్న రోజుకోసారి. ఇలాంటప్పుడు ట్రిప్ అంటే తిట్లు ఖాయం! అయినా ఒక ఫ్రెండ్‌ని తోడు తీసుకుని, పెట్రోల్ ఖర్చు చెరిసగం పంచుకుని విశాఖ నుంచి కళింగపట్నం దాకా బైక్ మీద వెళ్లి రండి. మీ కెరియర్‌కి పనికొచ్చే పాఠం ఒకటి ఆ దారిలో ఉంది.

విశాఖ నుంచి బీచ్ రోడ్డులో భీమిలి వైపు వెళ్తుంటే ముందు తొట్లకొండ వస్తుంది. నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ఈ బౌద్ధారామం 1976లో నేవీ సర్వేలో బయటపడింది. తవ్వకాల్లో శాతవాహన నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. కొండ కిందే మంగమారిపేట తీరం. అక్కడి సహజ శిలాతోరణం అలలు చెక్కిందే. ఇంకాస్త ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. ఇసుకలోని ఇనుము వల్ల ఆ రంగొచ్చింది.

తర్వాత భీమిలి. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు వర్తకం చేసిన ఊరు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1861లోనే మున్సిపాలిటీ అయింది. మరి ఆ రేవు ఏమైంది? రైలు మార్గం విజయనగరం మీదుగా పోయింది, భీమిలికి రాలేదు. ఇక్కడ ఓడలు తీరానికి దూరంగా ఆగితే సరుకుని పడవల్లో చేరవేయాలి. 1933లో విశాఖ నౌకాశ్రయం మొదలైంది. ఓడ నేరుగా గట్టుకే వస్తుంది, పక్కనే రైలు. ఇక సరుకు ఎటు పోతుందో చెప్పాలా? భీమిలి పని చేయడం మానలేదు, పని జరిగే తీరే మారిపోయింది. ఒక్క ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌నో, ఒక్క సర్టిఫికెట్‌నో నమ్ముకుని కూర్చున్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించాలి.

తగరపువలసలో హైవే ఎక్కి శ్రీకాకుళం చేరితే, అక్కడి నుంచి కళింగపట్నం సుమారు 30 కిలోమీటర్లు. వంశధార సముద్రంలో కలిసే చోటు. ఇదీ ఒకప్పటి రేవే. ఇప్పుడు లైట్‌హౌస్, చేపల పడవలు కనిపిస్తాయి. దగ్గర్లోని శాలిహుండం కొండ తప్పక ఎక్కండి. అక్కడి బౌద్ధ స్తూపాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే శాసనాలు చదవడం సొంతంగా నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం రాశారు. వాడుక భాష కోసం పోరాడారు. కొత్తది నేర్చుకోవడానికి ఆయన ఉద్యోగం అడ్డురాలేదు. మీకు ఖాళీ అడ్డొస్తుందా?

బయల్దేరే ముందు రూటు, బడ్జెట్, బస మీరే కాగితం మీద రాసుకోండి. ప్రతి ఊళ్లో ‘ఇక్కడ ముందు ఏం పని జరిగేది? ఇప్పుడేం జరుగుతోంది?’ అని ఒక పెద్దాయన్ని అడగండి. ‘ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, చెప్పడానికి మీదైన జవాబు ఉంటుంది. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. రాళ్ల తీరంలో ఈతకు దిగొద్దు, సెల్ఫీ కోసం తడి రాళ్లెక్కొద్దు.

తిరిగొచ్చిన రాత్రే రెజ్యూమె తెరవండి. అందులో మీ భీమిలి రేవు ఏదో గుర్తుపట్టి, పక్కన కొత్తగా నేర్చుకోబోయేది ఒకటి రాయండి. మర్నాటి నుంచే మొదలెట్టండి.