చేదుకు అలవడిన నాలుక

సాయంకాలమయ్యేసరికి పుదుచ్చేరి తీరాన గూబేర్ అవెన్యూ మీద వాహనాల రాకపోకలు నిలిచిపోతాయి. గాంధీ విగ్రహం చుట్టూ పిల్లలూ పెద్దలూ చేరుతారు. ఉడికించిన శనగలలో కొబ్బరికోరు కలిపిన సుండల్ పొట్లాలు చేతులు మారుతుంటాయి. ఆ వీధికి కొద్ది దూరంలో, పసుపు గోడల పాత భవనాల నడుమ, ఒక భోజనశాల మేడమీద కూర్చున్న యువకుణ్ణి ఊహించుకోవచ్చు. యానాం నుంచి ఉద్యోగరీత్యా వచ్చినవాడు. అతని ముందు రాగిరంగు పానీయంతో ఒక చిన్న గ్లాసు ఉన్నది. ఒక్క గుక్క మింగి ముఖం చిట్లిస్తాడు.

"ఇది బీరా అన్నా, వేపకషాయమా?"

ఎదుట కూర్చున్న పెద్ద ఉద్యోగి నవ్వుతాడు. "తొందరపడి తీర్పు చెప్పకు తమ్ముడూ. మొదటిసారి ఎవరికైనా అంతే."

ఆ మాటలో సత్యమున్నది. హాప్ పువ్వు దండిగా వేసి కాచిన చేదు బీరు మొదటి గుక్కలోనే రుచించినవారు అరుదు. అయినా ప్రపంచమంతటా లక్షలాది మంది దానిని కోరి తాగుతున్నారు. ఒకనాడు ఉమ్మివేయాలనిపించిన రుచి మరొకనాడు ప్రీతికరం ఎట్లా అవుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం బీరు గ్లాసులో కంటె మనిషి నాలుకలోనూ, మెదడులోనూ ఎక్కువగా దొరుకుతుంది.

కాపలా కాసే నాలుక

చేదును తిరస్కరించడం దోషం కాదు. అది ప్రకృతి ఇచ్చిన రక్షణ. మొక్కలలోని విషపదార్థాలలో చాలావాటికి చేదు రుచి ఉంటుంది. అందువల్ల తీపికి పెదవులు చప్పరించే పసికందు చేదు తగలగానే ముఖం ముడుచుకుంటుంది. తీపిని గుర్తించడానికి నాలుకకు ప్రధానంగా ఒక్క గ్రాహకం చాలగా, చేదును పసిగట్టడానికి సుమారు 25 రకాల గ్రాహకాలున్నాయి. ఏ ద్వారం గుండా శత్రువు వచ్చినా పట్టుకోవడానికి అన్ని చోట్ల కాపలా పెట్టినట్లన్నమాట.

అయితే ఈ కాపలా అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు. 1931లో అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఒక పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదెక్కిందని ఫిర్యాదు చేశాడు. ఫాక్సుకు మాత్రం ఏ రుచీ తెలియలేదు. ఆ పొడి పేరు ఫినైల్ థయోకార్బమైడ్. దాని చేదును గుర్తించే శక్తి వంశపారంపర్యంగా వస్తుందని తరువాత తేలింది. అందుకు కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కనుక ఒకే గ్లాసు ఒకరికి హాయిగానూ, మరొకరికి భరించరానిదిగానూ తోస్తే అందులో గొప్పా తక్కువా లేవు.

పువ్వులో దాగిన చేదు

బీరుకు చేదునిచ్చే హాప్ ఒక తీగ. దాని ఆడ పువ్వు చిన్న పచ్చని మొగ్గలాగా, రేకు మీద రేకు కప్పుకొని ఉంటుంది. ఆ రేకుల మొదట్లో పసుపు రంగు పొడివంటి జిగురు ఉంటుంది. దానిలోని ఆమ్లాలు మొదట పెద్దగా చేదుగా ఉండవు. మొలకెత్తించిన బార్లీ గింజల రసంలో ఈ పువ్వులను గంటసేపు మరిగించినపుడు ఆ ఆమ్లాల నిర్మాణం మారి అసలైన చేదు పుడుతుంది. మరుగు ముగిశాక వేసే పువ్వులు చేదును అంతగా ఇవ్వవు, పరిమళాన్నిస్తాయి. నిమ్మతొక్క, పంపరపనస, మామిడి, దేవదారు వంటి వాసనలన్నీ ఆ పువ్వులోని తైలాలవే.

హాప్ వల్ల మరొక ప్రయోజనమున్నది. అది బీరును పులియబెట్టి పాడుచేసే సూక్ష్మజీవులలో అనేకాన్ని అణచివేస్తుంది. పన్నెండవ శతాబ్దంలోనే జర్మనీకి చెందిన సన్యాసిని హిల్డెగార్డ్ ఈ నిల్వగుణాన్ని గూర్చి రాసింది. 1516 నాటి బవేరియా శాసనం బీరులో బార్లీ, హాప్, నీరు తప్ప మరేదీ ఉండరాదని నిర్దేశించింది.

హాప్ శీతలదేశపు మొక్క. చలికాలపు విశ్రాంతి, వేసవిలో దీర్ఘమైన పగలు దానికి కావాలి. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్ లోయలో దానిని పండించారు. పుదుచ్చేరి వేడిలో అది పండదు. అక్కడి గ్లాసులోని చేదు ఎక్కడో చలిప్రాంతం నుంచి వచ్చినదే.

చేదును కొలిచే అంతర్జాతీయ ప్రమాణమొకటి ఉన్నది. స్థూలంగా, లీటరు బీరులో ఎన్ని మిల్లీగ్రాముల చేదు ఆమ్లమున్నదో ఆ అంకె తెలుపుతుంది. తేలికపాటి లాగర్ బీర్లలో అది 8 నుంచి 20 వరకు, ఇండియా పేల్ ఏల్ అనే రకంలో 40 నుంచి 70 వరకు ఉంటుంది. బియ్యం, మొక్కజొన్న వంటివి చేర్చిన మామూలు బీరుకు అలవాటుపడిన నాలుక, ఒక్కసారిగా రెండవదాన్ని ఎదుర్కొంటే తత్తరపడడం సహజం.

ఓడలెక్కిన పేరు

ఆ చేదు బీరు పేరులో మన దేశముండడం యాదృచ్ఛికం కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో లండన్ తూర్పు శివారైన బో ప్రాంతంలో జార్జి హాడ్జ్‌సన్ అనే వర్తకుడు బీరు తయారుచేసేవాడు. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు అతనికి దగ్గర. ఓడల కప్తానులకు అతడు దీర్ఘకాలపు అరువిచ్చేవాడు. అట్లా అతని బీరు ఇండియాలోని ఆంగ్లేయులకు అలవాటైంది. 1820ల ఆరంభంలో బర్టన్ పట్టణపు తయారీదారులు పోటీకి దిగారు. అక్కడి నీటిలోని జిప్సం హాప్ చేదును స్ఫుటంగా నిలిపింది.

సముద్రయానంలో చెడిపోకుండా ఉండాలని ఈ బీరును ప్రత్యేకంగా కనిపెట్టారన్న కథ ప్రచారంలో ఉన్నది. చరిత్రకారులు దానిని అంగీకరించరు. అదే కాలంలో నల్లని పోర్టర్ బీరు కూడా క్షేమంగానే ఇండియా చేరేది. హాప్ అధికంగా వేయడం ఉష్ణదేశాలకు పంపే బీర్లకు అప్పటికే ఉన్న ఆచారం.

ఆ పీపాలు దిగినది మద్రాసు, కలకత్తా, బొంబాయి రేవులలో. మద్రాసుకు దక్షిణాన సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరి ఫ్రెంచివారిది. 1761లో ఆంగ్లేయులు దానిని పట్టుకొని కోటను నేలమట్టం చేశారు. పలుమార్లు చేతులు మారిన పట్టణం 1816లో తిరిగి ఫ్రాన్సుకు దక్కి, 1954 నవంబరు 1 వరకు ఆ ఏలుబడిలోనే ఉన్నది. ఆంగ్లేయుల దాహం కోసం ఓడలెక్కిన బీరు, నేడు ఫ్రెంచి పేర్ల వీధులలో, తమిళుల, తెలుగువారి బల్లల మీద కనిపించడం చరిత్ర చేసిన చమత్కారం.

అలవాటు అనే విద్య

అభ్యాస మహిమను చెప్పడానికి వేమన వేపనే ఉదాహరణగా ఎన్నుకొన్నాడు. ఇరవయ్యవ శతాబ్దపు మనస్తత్వ శాస్త్రం ఆ సంగతినే ప్రయోగశాలలో పరీక్షించింది. 1982లో పెట్రీషియా ప్లైనర్ అనే పరిశోధకురాలు, విద్యార్థుల చేత తెలియని ఉష్ణదేశపు పండ్ల రసాలను రుచి చూపించింది. కొన్నింటిని 20 మార్లు, కొన్నింటిని 10 మార్లు, కొన్నింటిని 5 మార్లు ఇచ్చింది. ఎక్కువసార్లు రుచి చూసిన రసమే ఎక్కువ నచ్చిందని వారు చెప్పారు. తిన్నాక అపాయమేమీ కలగలేదని తెలిసినకొద్దీ మెదడు కాపలాను సడలిస్తుంది.

తెలుగువారికి ఇది కొత్త కాదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వుకు షడ్రుచులలో స్థానమిచ్చినవారు, కాకరకాయను ఇష్టంగా తినేవారు చేదుకు పరాయివారు కారు. పుదుచ్చేరి నెహ్రూ వీధిలోని ఇండియన్ కాఫీ హౌస్‌లో కాఫీ కోరి తాగే వ్యక్తి సైతం బాల్యంలో ఆ డికాక్షన్‌ను చూసి ముఖం తిప్పుకొన్నవాడే.

మెట్టు మెట్టుగా

కొత్తవాడు ఇండియా పేల్ ఏల్‌తో ఆరంభించడం ఈత రానివాడు నడిసముద్రంలో దూకడం వంటిది. చేదు తక్కువైన గోధుమ బీరు మొదటి మెట్టు. పిల్సనర్ రెండవది. పేల్ ఏల్ మూడవది. ఒక్కొక్క మెట్టు మీద కొన్నాళ్లు నిలవాలి. 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసు రుచి తెలియడానికి చాలు.

తాగేముందు వాసన చూడాలి. రుచి అనుకొనేదానిలో పెద్ద భాగం ముక్కుదే. మంచులాగా చల్లబరచిన బీరులో పరిమళం ముడుచుకొని చేదు మాత్రమే మిగులుతుంది. పుదుచ్చేరి ఉక్కలో కష్టమే అయినా, చేదు బీరు 7 నుంచి 10 డిగ్రీల చల్లదనంలో గుణం చూపుతుంది. మొదటి గుక్కకు విలువ కట్టరాదు; నోరు సర్దుకొన్న తరువాతి గుక్కే అసలైన పరీక్ష.

ఎండ తగిలిన సీసాను విడిచిపెట్టాలి. వెలుతురు సోకితే హాప్ ఆమ్లాలు విరిగి దుర్వాసన పుడుతుంది. బీరును ముదురు గోధుమరంగు సీసాలలో నింపడానికి కారణమిదే. హాప్ పరిమళం కాలంతో తగ్గిపోతుంది కనుక సీసా మీది తేదీ చూడడం మంచిది.

పక్కన ఏమి తింటామన్నదీ ముఖ్యమే. ఉప్పు చేదును అణచుతుందని 1997లో శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఉప్పు తగిలిన సుండల్, వంజరం వేపుడు చేదు బీరుకు చక్కని జోడు. మితిమీరిన కారం మాత్రం చేదుతో కలిసి నోటిని మండిస్తుంది.

ఇద్దరు గురువులు

ఇంతవరకు ఇది రుచుల కథ. కాని దీనికి మరొక ముఖమున్నది. బీరు చేదును ప్రీతికరం చేసే గురువులు ఇద్దరు. ఒకరు పరిమళం, రెండవవారు మత్తు. చేదు తగిలిన వెంటనే మత్తు కలుగుతుంటే, మెదడు ఆ రెంటినీ ముడివేసి చేదును కోరడం నేర్చుకొంటుంది. ఏ గురువు వద్ద పాఠం నేర్చుకొంటున్నాడో తాగేవాడికి తెలియకపోవచ్చు.

తెలుగు నేల మీద ఇది తేలికగా తీసుకోదగిన విషయం కాదు. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగా 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. తక్కువ పన్నుల కారణంగా మద్యం చౌకగా దొరికే పుదుచ్చేరికి పొరుగువారు తాగడానికే రావడం దశాబ్దాలుగా ఉన్నది. ఆల్కహాలును క్యాన్సర్ కారకంగా 1988లోనే వర్గీకరించారు. ఆరోగ్యానికి హాని లేని మోతాదంటూ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

లెక్క వేస్తే సంగతి స్పష్టమవుతుంది. 7 శాతం ఆల్కహాలున్న 650 మిల్లీలీటర్ల సీసాలో 45 మిల్లీలీటర్లకు పైగా శుద్ధ ఆల్కహాలుంటుంది. 6 శాతమున్న 100 మిల్లీలీటర్ల గ్లాసులో ఉండేది 6 మాత్రమే. నాలుక పాఠం చిన్న గ్లాసులోనే పూర్తవుతుంది. మిగిలినదంతా రెండవ గురువు పద్దులోకి పోతుంది.

దీనికొక సులభమైన పరీక్ష ఉన్నది. ఆల్కహాలు లేని బీర్లు నేడు మన దేశంలోనూ లభిస్తున్నాయి. హాప్ చేదు గల అటువంటి బీరును ఇచ్చినపుడు అది కూడా రుచించితే, అతడు నేర్చుకొన్నది రుచిని. అది చప్పగా తోచి, గ్లాసు పక్కకు నెట్టాలనిపిస్తే, కోరుతున్నది చేదును కాదని గ్రహించి జాగ్రత్తపడాలి. తాగని అలవాటు ఉన్నవారు రుచి కోసమని తాగడం మొదలుపెట్టనక్కరలేదు; చేదు ఆస్వాదన నేర్పడానికి కాకరకాయ, కాఫీ ఉండనే ఉన్నాయి.

మేడమీది యువకుడు గ్లాసును మరొకసారి ముక్కు దగ్గరకు తెచ్చుకొంటాడు. ఈసారి తొందరలేదు. "పంపరపనస తొక్క గిల్లితే వచ్చే వాసన ఉన్నదన్నా," అంటాడు ఆశ్చర్యంగా. యానాంలో ఎవరి పెరట్లోనో ఆ చెట్టు గుర్తుకు వచ్చినట్లున్నది. చిన్న గుక్క తీసుకొంటాడు. ముఖం ఇంకా కొంచెం చిట్లుతుంది. కాని ఇందాకటంత కాదు.

"ఇంకొకటి చెప్పనా?" అని పెద్దాయన అడుగుతాడు.

"వద్దన్నా. ఈ రోజుకు ఇంతే," అని యువకుడు సుండల్ పొట్లం విప్పుతాడు.