పాత కంప్యూటర్‌లో మాయాలోకాలు: ఏవి నడుస్తాయి, ఏవి నడవవు, ఎందుకు?

ధౌలా కువాన్ (న్యూఢిల్లీ): తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలో 1961లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర కళాశాల దేశ రాజధానిలోని ధౌలా కువాన్ ప్రాంతంలో ఉంది. దాని సమీపాన ఉన్న సత్య నికేతన్ వీధులు విద్యార్థుల అద్దె గదులతో నిండి ఉంటాయి. అన్నయ్యో అక్కయ్యో వాడి ఇచ్చిన ల్యాప్‌టాప్‌తోనే డిగ్రీ గట్టెక్కించే వారు ఇటువంటి చోట అరుదు కాదు. పగలు అసైన్‌మెంట్లు, పరీక్ష ఫారాలు, బ్యాంకు లావాదేవీలు. రాత్రి మాంత్రికులు, ఖడ్గధారులు సంచరించే ఆన్‌లైన్ ఆటలు. అన్నిటికీ అదే యంత్రం ఆధారం. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన తరువాత, ఆ యంత్రాన్ని ఇంకా ఎంతకాలం, ఏయే పనులకు వాడవచ్చుననే ప్రశ్న మరింత సూటిగా ఎదురవుతోంది.

ముందుగా ఒక పదాన్ని విడమరచడం అవసరం. మన దేశంలో ‘ఫాంటసీ గేమ్’ అనగానే క్రికెట్ జట్లపై డబ్బు పెట్టే యాప్‌లు స్ఫురిస్తాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పణంగా పెట్టే ఆటలను. ఇక్కడి ప్రస్తావన వేరు. ఆటగాడు ఒక పాత్రను ధరించి, వేలాది మంది ఇతరులతో కలిసి ఒకే ఊహాలోకంలో తిరిగే రోల్ ప్లేయింగ్ గేమ్‌లివి. పాతాళ భైరవి చూసి పెరిగిన వారికి ఆ లోకం కొత్తేమీ కాదు. కాకపోతే ఇక్కడ తోట రాముడు ఒక్కడు కాదు, ఒకేసారి పదివేల మంది.

ఇంత పెద్ద లోకం పాత కంప్యూటర్‌లో ఎలా ఇముడుతుంది? నిజానికి అది అందులో ఉండదు. తోలుబొమ్మలాటలో కథ నడిపే బృందం తెర వెనుక ఉంటుంది, ప్రేక్షకుడికి కనిపించేది తెర మాత్రమే. ఈ ఆటల్లో కథ నడిపే పని దూరాన ఉన్న సర్వర్‌ది. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి దెబ్బ ఎవరికి తగిలింది, ఎవరి సంచిలో ఎంత బంగారం ఉంది అన్నది అక్కడే నిర్ణయమవుతుంది. ఇంట్లోని యంత్రం ఆ సమాచారాన్ని అందుకొని బొమ్మ గీస్తుంది, మీటల కదలికలను తిరిగి పంపుతుంది. ఇచ్చిపుచ్చుకునే సమాచారం వీడియో చూడటానికి పట్టే డేటాతో పోలిస్తే స్వల్పం.

ఈ ఏర్పాటు చాలా పాతది. 1978లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ రూపొందించిన ‘మడ్’లో బొమ్మలే లేవు, అన్నీ అక్షరాలే. 2001లో జాజెక్స్ సంస్థ తెచ్చిన రూన్‌స్కేప్ బ్రౌజర్‌లోనే ఆడగలిగేలా రూపొందింది. ఆధునిక రూపం నచ్చని ఆటగాళ్ల కోరిక మేరకు, 2007 ఆగస్టు నాటి ప్రతి ఆధారంగా ‘ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్’ 2013లో వెలువడింది. పాత యంత్రానికి దీనికంటే అనువైన ఆట దొరకడం కష్టం. బొమ్మలు సాదాగా ఉండటం ఒక్కటే అందుకు కారణం కాదు. ఆ లోకంలో కాలం 0.6 సెకనుకు ఒక్క అడుగు చొప్పున కదులుతుంది. ఆటగాడి ఆదేశం కాస్త ఆలస్యంగా చేరినా ఆ వ్యవధిలోపు చేరితే చాలు. చేతివేగం మీద ఆధారపడే ఆటల్లో ఈ వెసులుబాటు ఉండదు.

దూరం లెక్క కూడా తెలుసుకోదగినదే. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. ఢిల్లీ నుంచి సింగపూర్ దాదాపు 4,150 కిలోమీటర్లు. అంటే వెళ్లి రావడానికే కనీసం 41 మిల్లీసెకన్లు పడుతుంది. తీగలు తిన్నగా వెళ్లవు కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువే. అమెరికాలోని సర్వర్ అయితే ఇది సులభంగా మూడింతలు దాటుతుంది. ఎంత ఖరీదైన కంప్యూటర్ కొన్నా ఈ ఆలస్యం తగ్గదు. పక్కపక్కనే పదుల సంఖ్యలో వైఫై రౌటర్లున్న అద్దె గదుల్లో ఒక మామూలు లాన్ కేబుల్ చేసే మేలు కొత్త గ్రాఫిక్స్ కార్డు చేయదు.

యంత్రం వైపు చూస్తే, ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చేవి రెండే మార్పులు: హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ, 4 జీబీ ర్యామ్ ఉంటే దానిని 8 జీబీకి పెంచడం. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ ఆ ర్యామ్‌లోనే కొంత బొమ్మల కోసం వాడుకుంటుంది కాబట్టి రెండో మార్పు ఆటలో స్పష్టంగా తెలుస్తుంది. సౌత్ క్యాంపస్ మెట్రో స్టేషన్‌లో ఎక్కి లాజ్‌పత్ నగర్‌లో రైలు మారితే నెహ్రూ ప్లేస్ చేరుకోవచ్చు. ఈ విడిభాగాలు అక్కడ దొరుకుతాయి. కొనేముందు ల్యాప్‌టాప్‌లో ఉన్నది డీడీఆర్3 రకమో డీడీఆర్4 రకమో చూసుకోవాలి, ఒకదాని స్థానంలో మరొకటి అమరదు. ఖర్చు లేని ఉపాయం కూడా ఉంది. తెర స్పష్టతను 1920×1080 నుంచి 1280×720కు తగ్గిస్తే గీయవలసిన చుక్కలు 20.7 లక్షల నుంచి 9.2 లక్షలకు పడిపోతాయి. ఢిల్లీ దుమ్ముకు మూసుకుపోయిన ఫ్యాన్‌ను శుభ్రం చేయించడం వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని.

అసలు ప్రమాదం వేగంలో లేదు, భద్రతలో ఉంది. విండోస్ 11కు టీపీఎం 2.0, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ ఉండాలి. అంతకు ముందటి యంత్రాలు బాగానే పనిచేస్తున్నా అధికారిక అర్హత కోల్పోయాయి. వ్యక్తిగత వినియోగదారులకు విండోస్ 10 భద్రతా నవీకరణలను 2026 అక్టోబర్ 13 వరకు పొడిగించే పథకం ఉంది, అందుకు విడిగా నమోదు చేసుకోవాలి. మరమ్మతులు అందని విండోస్‌లో, ఊరూపేరూ లేని ‘ప్రైవేట్ సర్వర్’ ఇచ్చిన ఆట ఫైలును తెరిచి, అదే యంత్రంలో బ్యాంకు ఖాతా తెరవడం అన్నిటికంటే ప్రమాదకరం. అక్కడ పోయేది ఆటలోని బంగారం కాదు.

లినక్స్ మరో దారి. వాల్వ్ సంస్థ 2018లో విడుదల చేసిన ప్రోటాన్ వల్ల విండోస్ ఆటలు అనేకం లినక్స్‌లోనూ నడుస్తున్నాయి. అయితే మోసాలను అడ్డుకునేందుకు కెర్నెల్ స్థాయిలో నిఘా పెట్టే ఆటల్లో పలు ఇప్పటికీ దానిని అనుమతించడం లేదు. ఎంచుకున్న ఆట ఆ కోవలోనిదో కాదో లినక్స్ వేసే ముందే చూసుకోవాలి.

బ్యాటరీ ఉబ్బి కీబోర్డును పైకి నెడుతున్నట్లు కనిపిస్తే మాత్రం ఈ ఉపాయాలేవీ వర్తించవు. ఛార్జింగ్ వెంటనే ఆపి బ్యాటరీ మార్పించాలి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు, అధీకృత సేకరణ కేంద్రానికే అప్పగించాలి.