తోబుట్టువుకు గుండెపోటు వస్తే డాక్టరు మిమ్మల్ని అడిగేవి

గుండెపోటు వచ్చిన మనిషిని క్యాజువాలిటీలోకి తీసుకెళ్లగానే డాక్టరు ప్రశ్నలు మొదలుపెడతారు. నొప్పితో చెమటలు కక్కుతున్న రోగి జవాబు చెప్పే స్థితిలో ఉండడు. భార్య కంగారులో ఉంటుంది, అమ్మానాన్నలకు విషయం ఇంకా చెప్పి ఉండరు. చెప్పగలిగేది చాలాసార్లు వెంట వచ్చిన అన్నో, చెల్లెలో.

మొదటి ప్రశ్న: నొప్పి ఎన్నింటికి మొదలైంది? గుండె కండరానికి రక్తం అందించే నాళంలో పేరుకున్న కొవ్వు చిట్లి, దాని మీద రక్తం గడ్డకడితే దారి మూసుకుపోతుంది. అప్పటి నుంచి అవతలి కండరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. చచ్చిన కండరం మళ్లీ పెరగదు. నాళం పూర్తిగా మూసుకుపోయినట్టు ఈసీజీలో తేలితే, క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రి 90 నిమిషాల్లోపు బెలూన్‌తో దాన్ని తెరవాలని చూస్తుంది. రెండు గంటల్లో అది కుదరదనుకుంటే, గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ లాంటి ఇంజక్షన్ దగ్గరి ఆసుపత్రిలోనే ఇచ్చి, తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు. ఆ ఇంజక్షన్ మొదటి మూడు గంటల్లో బాగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. కాబట్టి ‘రాత్రి నుంచి’ అంటే చాలదు, ‘పదిన్నరకు, అన్నం తిని లేచాక’ అని చెప్పాలి.

ఎక్కువ సమయం పోయేది ఇంట్లోనే. ‘గ్యాసేలే’ అని సోడా తాగిస్తారు, తెల్లారాక చూద్దామంటారు. పెద్దవాడు వద్దంటే చిన్నవాళ్లు ఎదురుచెప్పలేరు. ఇక్కడ మొహమాటం పనికిరాదు. ఛాతీ మీద బరువు, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమట ఉంటే వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో నొప్పి పెద్దగా లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే కనిపించవచ్చు. రోగిని బండి నడపనివ్వకూడదు. ఆస్పిరిన్ పడనివాళ్లకు, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లకు తప్ప, 300 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి నమిలించవచ్చు. మనిషి స్పృహ తప్పి, ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుకు నొక్కుతూనే ఉండాలి.

రెండో ప్రశ్న: ఏ మందులు వాడుతున్నాడు, అలవాట్లేమిటి? బీపీ మాత్రలు మానేసిన సంగతి, మానేశానని చెబుతూనే చాటుగా కాల్చే సిగరెట్లు భార్యకు తెలియకపోయినా తోబుట్టువుకు తెలుస్తాయి. అవన్నీ డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. లైంగిక సామర్థ్యం కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్ర వేసుకుని ఉంటే దాచకూడదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ దానితో కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పక్కింటివాళ్లు ఇచ్చిన సార్బిట్రేట్ వేయకూడదనేది కూడా అందుకే.

మూడో ప్రశ్న: సంతకం ఎవరు పెడతారు? అరడజనుమంది బంధువులు తలో మాట అంటుంటే నిర్ణయం ఆలస్యమవుతుంది. ఒకరు డాక్టరుతో మాట్లాడాలి, మరొకరు ఆరోగ్యశ్రీ కార్డు, పాత రిపోర్టులు తెచ్చి ఫోన్లు చూసుకోవాలి. ‘నాళం పూర్తిగా మూసుకుపోయిందా? ఇప్పుడే తెరవాలా? ఇక్కడ క్యాథ్‌ల్యాబ్ ఉందా?’ అని అడిగితే పరిస్థితి అర్థమవుతుంది. మొదటి ఈసీజీ బాగానే ఉన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి తీసుకెళ్లవద్దు. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష కొంత వ్యవధి తర్వాత మళ్లీ చేస్తేనే కొన్ని గుండెపోట్లు బయటపడతాయి.

నాళాన్ని తెరిచి స్టెంట్ వేశాక మనిషి తేరుకుంటాడు, మాత్రల మీద శ్రద్ధ తగ్గుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు సొంతంగా మానేస్తే స్టెంట్ మూసుకుపోవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా ముందు గుండె డాక్టరును అడగాలి. దిగులు, నిద్రలేమి కూడా ఈ దశలో మామూలే. ‘నీకేమైందిరా, బాగానే ఉన్నావుగా’ అని కొట్టిపారేయకుండా ఆ సంగతీ డాక్టరు చెవిన వేయాలి.

చివరి ప్రశ్న: మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇది మీ గురించి. మగవాళ్లకు 55 ఏళ్లలోపు, ఆడవాళ్లకు 65 ఏళ్లలోపు గుండెజబ్బు వస్తే దాన్ని త్వరగా వచ్చినట్టే లెక్కిస్తారు. అప్పుడు తోబుట్టువులకూ ముప్పు ఎక్కువే, ఎందుకంటే పుట్టుకా, చాలావరకు తిండీ ఒక్కటే. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్‌తో పాటు లైపోప్రొటీన్-ఎ కూడా ఒకసారి చూపించుకోవాలి. డిశ్చార్జి రోజున అతని మందుల చీటీతో పాటు మీ రక్తపరీక్షల చీటీ కూడా రాయించుకోండి.