అవటు గ్రంథి మాంద్యము – మందు మోతాదు

ఒకే వ్యాధి, ఒకే మందు. అయినా వైద్యుడు ఒకరికి 25 మైక్రోగ్రాముల మాత్ర వ్రాస్తాడు, మరొకరికి 125 వ్రాస్తాడు. మూడు నెలలు గడచిన పిమ్మట ఆ అంకెను మార్చుతాడు. వాడేవారికి ఇది అయోమయముగా తోచుట సహజమే. అనకాపల్లి జిల్లాలోని కె. కోటపాడు వంటి ఊళ్ళలో కూడ థైరాయిడ్ మాత్ర నేడు క్రొత్త వస్తువు కాదు. కొరవడినదల్లా ఆ మాత్ర లెక్క ఎట్లు కుదురుతుందో తెలిసియుండుట. ఆ లెక్కను కొంత వివరించుటే ఈ ప్రసంగము ఉద్దేశము.

కంఠము ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారములో నున్న గ్రంథిని అవటు గ్రంథి అంటారు. లోకవాడుకలో అదే థైరాయిడ్. ఇది థైరాక్సిను అను స్రావమును రక్తములోనికి విడుస్తుంది. శరీరములోని ప్రతి అంగము ఎంత చురుకుగా పనిచేయవలెనో నిర్ణయించునది ఈ స్రావమే. ఇది తగ్గినప్పుడు బద్ధకము, చలికి ఓర్వలేకపోవుట, మలబద్ధము, చర్మము పొడిబారుట, జుట్టు రాలుట, ఒళ్ళు బరువెక్కుట, నెలసరి తప్పుట మొదలైన లక్షణములు మెల్లమెల్లగా కనబడుతవి. రోజంతా చెరకు తోటలో పనిచేసి వచ్చిన స్త్రీ ఈ అలసటను పని వల్ల కలిగినదనుకొని సంవత్సరముల తరబడి ఊరకుండవచ్చును.

ఈ గ్రంథిపై అజమాయిషీ మెదడు క్రిందనున్న పీయూష గ్రంథిది. అది టి.ఎస్.హెచ్. అను ఆజ్ఞను పంపుతుంది. చెవిటివానిని పిలువవలసి వచ్చినప్పుడు మనము గొంతు పెంచుతాము గదా! అదే విధముగా అవటు గ్రంథి సరిగా పలుకనప్పుడు టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. కనుక పరీక్షాపత్రములో ఈ అంకె హెచ్చుగా నున్నదంటే మందు చాలలేదని అర్థము. బాగా తగ్గినదంటే మందు ఎక్కువైనదని అర్థము. ఈ తలక్రిందుల లెక్క తెలియక, అంకె పెరిగినది గనుక మందు ఎక్కువైనదని తలచి మాత్ర మానివేసినచో వ్యాధి ముదురుతుంది. సామాన్యముగా పెద్దవారిలో ఈ అంకె 0.4కు 4కు మధ్య నుండవలెనంటారు. 70 సంవత్సరములు దాటినవారిలో అంతకంటె కొంత హెచ్చుగా నున్నను దోషము కాదు.

ఈ చికిత్స చరిత్ర ఆసక్తికరమైనది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అను వైద్యుడు గొఱ్ఱె అవటు గ్రంథి నుండి తీసిన రసమును 46 సంవత్సరముల రోగిణికి సూదిమందుగా ఇచ్చినాడు. తరువాత అదే రసమును నోటి ద్వారా సేవిస్తూ ఆమె మరి 28 సంవత్సరములు జీవించినది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ థైరాక్సినును స్ఫటికరూపములో వేరుచేసినాడు. 1927 నాటికి చార్లెస్ హారింగ్టన్, జార్జ్ బార్జర్ దానిని ప్రయోగశాలలో తయారుచేయగలిగినారు. గ్రంథిరసముతో మోతాదు నిలుకడగా ఉండేది కాదు. నేటి లీవోథైరాక్సిను మాత్రలో మందు పరిమాణము నిర్ణీతము.

అవటు గ్రంథి కథలో మన ప్రాంతపు బిడ్డ ఒకరున్నారు. శ్రీకాకుళములో 1921లో జన్మించి, విశాఖపట్టణము ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, 1956లో హిమాలయ పాదములయందలి కాంగ్రా లోయలో తన సహచరులతో ప్రసిద్ధమైన పరిశోధన నారంభించినారు. కొన్ని గ్రామములకు అయొడిను కలిపిన ఉప్పును, కొన్నిటికి మామూలు ఉప్పును పంపిణీ చేసి, మొదటి గ్రామములలో గళగండము గణనీయముగా తగ్గుటను నిరూపించినారు. 1962లో మన ప్రభుత్వము జాతీయ గళగండ నివారణ పథకమును ప్రారంభించినది.

అయితే ఇక్కడ ఒక భేదమును గ్రహించవలెను. అయొడిను ఉప్పు లోపమును నివారిస్తుంది. శరీరపు రక్షణశక్తియే పొరబడి అవటు గ్రంథిని క్షీణింపజేసినప్పుడు, లేదా శస్త్రచికిత్సలో గ్రంథిని తొలగించినప్పుడు, ఎంత అయొడిను ఉప్పు తిన్నను మాత్రకు బదులు కాజాలదు.

ఇక మోతాదు. ఆరోగ్యవంతులైన యౌవనస్థులకు గ్రంథి పూర్తిగా పనిచేయనప్పుడు దేహపు బరువు కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావలెను. కె. కోటపాడులో ఒక ఇంట అత్తాకోడళ్ళు ఇద్దరికీ ఈ వ్యాధి ఉన్నదనుకొందాము. కోడలి బరువు 45 కిలోలు. లెక్క 72 వస్తుంది గనుక ఆమెకు 75 మైక్రోగ్రాముల మాత్ర సరిపోవచ్చును. అత్తగారికి 65 ఏండ్లు, గుండెనొప్పి కూడ ఉన్నది. ఆమెకు 12.5 లేక 25తో ఆరంభించి, కొన్ని వారముల కొకసారి కొంచెము కొంచెము పెంచుతారు. హఠాత్తుగా పూర్తి మోతాదు ఇచ్చినచో, నెమ్మదిగా నడచుటకు అలవడిన గుండె ఆ బరువు నోర్వలేదు. అత్తగారి సీసా అయిపోయినదని కోడలి మాత్ర ఇచ్చుట ఎంత ప్రమాదమో దీనినిబట్టి ఊహించవచ్చును. ఇక గ్రంథి కొంతవరకు పనిచేయుచున్నవారికి ఈ లెక్కకంటె తక్కువ మందే చాలును.

మందు మార్చిన తరువాత ఆరు నుండి ఎనిమిది వారములు ఆగి రక్తపరీక్ష చేయించవలెను. థైరాక్సిను రక్తములో సగమునకు తగ్గుటకే సుమారు వారము రోజులు పడుతుంది; క్రొత్త మోతాదు నిలకడకు వచ్చుటకు అయిదారు వారములు కావలెను. పదిరోజులకే పరీక్షించి మందు మార్చుట, ఉడకని అన్నమును మెతుకు పట్టి చూచి దించివేయుట వంటిది.

మాత్రను పరగడుపున నీటితో వేసికొని, అరగంట నుండి గంట వరకు ఏమియు తినకూడదు. తెల్లవారుజామున చోడంబలి గాని, టీ గాని త్రాగి పొలమునకు పోవువారు ముందు మాత్ర వేసికొని, పశువుల పనులు చూచుకొని, తరువాత త్రాగవచ్చును. అది కుదరనివారు రాత్రి భోజనమైన మూడు గంటలకు వేసికొనవచ్చును. ఏ వేళయైనను ప్రతిదినము ఒకే పద్ధతి ఉండవలెను. ఇనుపధాతు మాత్రలు, కాల్షియం మాత్రలు దీనిని ప్రేగులలో పట్టనీయవు. వానికి దీనికి నాలుగు గంటల ఎడము ఉండవలెను. మాత్రలను ఎండ, తేమ, పొయ్యివేడి తగులకుండ వాని సీసాలోనే ఉంచవలెను.

ఈ నాలుగు గంటల మాట గర్భిణులకు మరీ ముఖ్యము. వారికి ఆసుపత్రిలో ఇచ్చేవి ఇనుము, కాల్షియం మాత్రలే గదా! మూడింటిని ఒకేసారి మింగినచో థైరాక్సిను వృథా అవుతుంది. పైగా గర్భము నిలిచిన తొలి వారములలోనే మందు అవసరము నూటికి 25 నుండి 30 వంతులు పెరుగుతుంది. తొలి నెలలలో శిశువు మెదడు పెరుగుదల తల్లి థైరాక్సినుపై ఆధారపడి యుంటుంది. కాబట్టి గర్భమని తెలిసిన వెంటనే, తరువాతి నెల వరకు ఆగక, వైద్యుని కలిసి మోతాదు సరిచేయించుకొనవలెను. ప్రసవానంతరము సాధారణముగా పాత మోతాదుకు తిరిగి వస్తారు.

పుట్టుకతోనే ఈ గ్రంథి లోపమున్న శిశువుకు కిలోకు 10 నుండి 15 మైక్రోగ్రాములు, అనగా పెద్దవారి లెక్కకు ఎన్నో రెట్లు కావలెను. మొదటి రెండు వారములలో మందు మొదలైనచో బిడ్డ తెలివితేటలతో పెరుగుతాడు. ఆలస్యమైనచో బుద్ధిమాంద్యము శాశ్వతము కావచ్చును. పుట్టిన కొద్ది దినములలో మడమనుండి తీసిన రక్తపు చుక్కలతో దీనిని కనుగొనవచ్చును.

ఎక్కువ మందు త్వరగా మేలు చేయుననుట భ్రమ. హద్దు మీరినచో గుండెదడ, చేతుల వణకు, నిద్రలేమి కలుగుతవి. పెద్దవయసు స్త్రీలలో ఎముకలు పెళుసుబారుతవి. బరువు తగ్గుటకై మోతాదు పెంచుకొనుట ప్రమాదకరము. అట్లే ఒళ్ళు తేలికపడినదని మాత్ర మానుట కూడ తగదు. గ్రంథి శాశ్వతముగా క్షీణించినవారికి ఈ మాత్ర రోగమును పోగొట్టు మందు కాదు. శరీరము తయారుచేసికొనలేని వస్తువును దినదినము అందించు భరణము. మోతాదు స్థిరపడిన తరువాత సంవత్సరమున కొకసారి పరీక్ష చాలును. ఆ పాత పరీక్షాపత్రములను పారవేయక తేదీల వారీగా దాచి, వైద్యుని వద్దకు పోవునప్పుడు వెంట తీసికొనిపోవుట మంచిది. మోతాదు ఏ దిశగా మార్చవలెనో నిశ్చయించుటకు వైద్యునికి అవి మిక్కిలి తోడ్పడుతవి.