తుఫాను బొమ్మలో వెలుగు ఎక్కడ పడింది?

గలిలయ సముద్రం మీద తుఫాను అనగానే మనకు గుర్తొచ్చేది క్యాలెండర్ బొమ్మే. నీలం నీళ్ళు, నాలుగు తెల్లటి అలలు, చెయ్యి చాపి నిలబడిన ప్రభువు. ఇచ్ఛాపురం మండలంలోని డొంకూరు లాంటి ఊళ్ళలో వేట కుటుంబాల పిల్లలకు ఆ బొమ్మ చూపిస్తే నమ్ముతారా? తుఫాను నాటి సముద్రం నీలంగా ఉండదు. ఆకాశం రంగే నీటికీ వస్తుంది గనుక, మబ్బు కమ్మితే బూడిద రంగుకు తిరుగుతుంది. ఒడ్డు దగ్గర అలలు అడుగునున్న ఇసుకను లేపేసరికి మట్టిరంగవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటి, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. ఆ చీకటిని చూసినవారికి క్యాలెండర్ నీలం ఏం చెప్పగలదు?

డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ 1633లో ఇదే సంఘటనను నూనెరంగుల్లో గీశాడు. ఆయన గలిలయను ఎన్నడూ చూడలేదు. సముద్రం మీద ఆయన గీసిన వర్ణచిత్రంగా మనకు తెలిసింది ఇదొక్కటే. 1990 మార్చి 18న అమెరికాలోని బోస్టన్‌లో ఒక మ్యూజియం నుండి దొంగలు ఎత్తుకుపోయారు, నేటికీ దొరకలేదు. (ఖాళీ చట్రాన్ని మాత్రం గోడకు అలాగే ఉంచారు.) నకళ్ళలో చూడవచ్చు.

ఆ చిత్రంలో ఎక్కువ భాగం గోధుమ, నలుపు, బూడిద రంగులే. ఎడమవైపు పైన మబ్బు కొద్దిగా విడింది. అక్కడి పసుపు వెలుగు దోనె ముందుభాగాన్ని ఎత్తిన అల మీదా, చిరిగిన తెరచాప మీదా, తాళ్ళతో పెనుగులాడే శిష్యుల మీదా పడుతుంది. ప్రభువు అక్కడ లేడు. కుడివైపు కింద, అమరం దగ్గరి నీడలో ఉన్నాడు. వెతికితేనే కనిపిస్తాడు. ఆయనను లేపుతున్నవారి ముఖాల్లో భయం ఉంది, కొంచెం కోపం కూడా ఉన్నట్టుంది. ఒకడు దోనె అంచు మీదుగా వాంతి చేసుకుంటున్నాడు.

వెలుగున్న చోటే ప్రభువు ఉంటాడని మన క్యాలెండర్లు నేర్పాయి. ఈ చిత్రకారుడు వెలుగును ప్రమాదం మీద వేశాడు. మార్కు సువార్త 4వ అధ్యాయానికి ఇదే దగ్గరగా ఉందని మా అభిప్రాయం. అక్కడ కూడా శిష్యులకు ముందుగా కనిపించినవి అలలే, ఆయన నిద్ర వారికి నిర్లక్ష్యంలా తోచింది.

సండే స్కూల్ టీచర్లకు ఒక మాట. ఈసారి ఈ పాఠానికి పిల్లల చేతికి నీలం రంగు ఇవ్వకండి. బూడిద, మట్టి, నలుపు, కొంచెం పసుపు చాలు. ప్రభువును దోనెలో ఎక్కడ గీస్తారో వాళ్ళనే తేల్చుకోనివ్వండి.