ఇంజన్‌కు మొదటి చుట్టు

1903 డిసెంబరు 17న రైట్ సోదరుల విమానాన్ని ఎగరేసిన ఇంజన్ సుమారు 12 అశ్వశక్తిది. ప్రొపెల్లర్లను చేత్తో లాగి తిప్పితే అది అందుకునేది. 1917లో అమెరికా తయారుచేసిన లిబర్టీ ఇంజన్‌కు 12 సిలిండర్లు, 27 లీటర్ల పరిమాణం, 400 అశ్వశక్తి. ఇంజన్ శక్తి ముప్పై రెట్లు దాటింది. దాన్ని కదిలించాల్సిన మనిషి బలం ఉన్నచోటే ఉంది. అలాంటి ఇంజన్‌ను తిప్పడానికి ఎంత బలం కావాలి? దీనికి ఒక్క అంకెతో జవాబు చెప్పలేం. తొలి బలం, గరిష్ఠ బలం, సగటు బలం మూడూ వేర్వేరు. స్టార్టర్ యంత్రాల చరిత్ర నాకు ఈ తేడా వల్లనే అర్థమవుతుంది.

కొలిచే పద్ధతి సులభమే. క్రాంక్‌షాఫ్ట్‌కు మీటరు పొడవు కడ్డీ బిగించి, దాని కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి నెమ్మదిగా లాగాలి. త్రాసు చూపే కిలోలే కిలోగ్రాము-మీటర్లలో తిప్పుడు బలం, అంటే టార్క్. ఆగి ఉన్న బేరింగుల మధ్యనుంచి నూనె పొర జారిపోయి ఉంటుంది కాబట్టి మొదటి కదలికకు ఎక్కువ బలం పడుతుంది. ఆ తర్వాత ఒక్కో సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయేటప్పుడు ముల్లు పైకి లేస్తుంది. లిబర్టీ పిస్టన్ వ్యాసం 127 మిల్లీమీటర్లు. లోపలి గాలిని అయిదో వంతుకు కుదిస్తే, గాలి కారిపోదనుకుని లెక్కవేస్తే, పిస్టన్ మీద వందల కిలోల బరువంత ఒత్తిడి వస్తుంది. విశేషమేమిటంటే, ఒత్తిడి గరిష్ఠమయ్యే ఆ పైకొసన క్రాంక్‌కు మీటపట్టు ఉండదు. తిప్పేవాడికి అతి కష్టమైన చోటు దానికి కాస్త ముందే వస్తుంది. కొస దాటాక అదే గాలి పిస్టన్‌ను కిందికి నెట్టి, తీసుకున్న శ్రమలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది. చివరికి సగటున మిగిలే భారం ఎక్కువగా రాపిడిదే. అది చలిని బట్టి మారుతుంది. సిలిండర్లే గుండ్రంగా తిరిగే ఆనాటి రోటరీ ఇంజన్లకు కందెన మన ఆముదమే. చలికి అదెంత చిక్కబడుతుందో మనకు చెప్పనక్కరలేదు.

మనుషులు చేయీచేయీ పట్టుకుని ప్రొపెల్లర్ లాగి పెద్ద ఇంజన్లనూ నడిపించారు కదా, ఈ కొలతలెందుకని అడగవచ్చు. కదిలించడం వేరు, అంటించడం వేరు. తాను తిరుగుతూ రవ్వకు విద్యుత్తు పుట్టించే మాగ్నెటో ఉన్న ఇంజన్‌లో తగినంత వేగం లేకపోతే నిప్పురవ్వ బలంగా పుట్టదు. రవ్వ ముందుగా పడితే ప్రొపెల్లర్ ఎదురు తిరిగి మనిషిని కొడుతుంది. బ్రిటిష్ పైలట్ బెంట్‌ఫీల్డ్ హక్స్ పేరుమీద వచ్చిన స్టార్టర్ ఈ ప్రమాదాన్ని తప్పించింది: ఫోర్డ్ మోడల్ టీ బండి ఇంజనే ఒక కడ్డీ ద్వారా ప్రొపెల్లర్‌ను తిప్పేది. కానీ ఆ బండి లేనిచోట దిగిన విమానానికి దాని సాయం అందదు. విద్యుత్ మోటారు పెట్టవచ్చు; 1912 కాడిలాక్ కార్లలో ఇంజనీరు కెటరింగ్ అది సాధించాడు. విమానంలో మాత్రం బ్యాటరీ బరువును ప్రయాణమంతా మోయాలి.

జడత్వ స్టార్టర్ ఈ చిక్కును నేరుగా పరిష్కరించింది. మనిషి అరనిమిషం పాటు 200 వాట్ల చొప్పున హ్యాండిల్ తిప్పితే 6,000 జౌళ్ల శక్తి చిన్న ఫ్లైవీల్‌లో, అంటే వేగంగా తిరిగే బరువైన చక్రంలో, చేరుతుంది. రాపిడి నష్టాలను పక్కన పెడితే, అదే శక్తి మూడు సెకన్లలో విడుదలైతే 2,000 వాట్లు. గేర్లు వేగాన్ని తగ్గించి టార్క్‌ను పెంచుతాయి. మధ్యలో ఉన్న పలకల క్లచ్, నిర్ణయించిన టార్క్ దాటగానే జారి ఇంజన్‌ను కాపాడుతుంది. ఆ హద్దు ఎక్కడ పెట్టాలో ఊహించి తేల్చడం కుదరదు. ఇంజన్ గరిష్ఠ టార్క్‌ను కొలిచాకే క్లచ్ స్ప్రింగులు బిగించాలి.