ఫార్మాట్ కొట్టించే ముందు

పని మధ్యలో స్క్రీన్ మొత్తం నీలంగా మారి, ఏడుపు మొహం బొమ్మ కనబడి, సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయిపోతుంది. రోజూ ఇదే వరస అయితే ఎవరికైనా విసుగొస్తుంది. ‘ఫార్మాట్ కొట్టేయండి, గొడవొదిలిపోతుంది’ అంటూ మా షాపుకి తెస్తారు. గుంటూరులో కంప్యూటర్లు బాగుచేయడమే నా బతుకుతెరువు. ఫార్మాట్ చేసివ్వడం నాకూ తేలికే, డబ్బులూ వస్తాయి. అయినా ముందు వద్దనే చెబుతాను.

లోపల ఏదో తేడా వచ్చినప్పుడు, ఆ తప్పు డిస్కులోకి ఎక్కి మన ఫైళ్లు పాడవకుండా విండోస్ తనంతట తానే అన్నీ ఆపేస్తుంది. ఆ ఆగడమే నీలం తెర. ఆగేముందు అడుగున చిన్న అక్షరాలతో స్టాప్ కోడ్ ఒకటి వేస్తుంది. దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి తెస్తే సగం పని అయినట్టే. 2025లో విండోస్ 11లో ఆ తెరను నల్లగా మార్చి, ఏడుపు మొహం తీసేశారు. స్టాప్ కోడ్ మాత్రం ఉంచారు. ఫొటో తీసేలోపే మాయమైపోయినా ఫరవాలేదు. స్టార్ట్ మెనూలో ‘రిలయబిలిటీ’ అని కొట్టండి. ఏ రోజు ఏం కూలిందో ఎర్ర గుర్తులతో, తేదీలవారీగా కనిపిస్తుంది. మొదటి ఎర్ర గుర్తుకు ముందు ఏ అప్‌డేట్ వచ్చింది, ఏ ప్రోగ్రామ్ ఎక్కించారు? నేను మొదట వెతికేది అదే.

పెళ్లి ఆల్బమ్‌లు చేసే కుర్రాడొకడు సిస్టమ్ తెచ్చాడు. అప్పటికే వేరేచోట ఫార్మాట్ చేయించాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ గొడవలో, ఇంకా ఎక్కడా కాపీ చేయని ఒక పెళ్లి ఫొటోలు మొత్తం పోయాయి. ఆ పెళ్లివాళ్లకు ఏం చెప్పాలో తెలియక కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అతని ఫోన్‌లో ఉన్న ఫొటోలు చూస్తే, ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ఒకసారి ‘పేజ్ ఫాల్ట్’, ఇంకోసారి మరొకటి. కోడ్ ఇలా పూటకొకటిగా మారుతుంటే నా అనుమానం ముందు ర్యామ్ మీదికే పోతుంది. డ్రైవర్ తప్పయితే ఎక్కువగా ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు మళ్లీ మళ్లీ వస్తాయి.

క్యాబినెట్ విప్పి రెండు ర్యామ్ స్టిక్‌లూ తీశాను. బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, ఒక్కో స్టిక్‌నే ఒకే స్లాట్‌లో పెట్టి మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడిపాను. మొదటిది శుభ్రంగా ఉంది. రెండోదానికి స్క్రీన్ మీద ఎర్ర వరసలు పడ్డాయి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పక్కన పడేయాల్సిందే. చెడిన ర్యామ్ మీదుగా కొత్త విండోస్ ఎక్కిస్తే, ఎక్కేటప్పుడే అందులోని ఫైళ్లు పాడవుతాయి. అతను చేయించిన ఫార్మాట్లు రెండూ అందుకే వృథా అయ్యాయి. స్టిక్ మార్చాక అదే సిస్టమ్ ఆగకుండా నడుస్తోంది.

మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ కొట్టులో లెక్కల కంప్యూటర్‌ది ఇంకో తీరు. పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం అయ్యేసరికి ఠక్కున ఆగిపోతుంది. నీలం తెర కూడా పడదు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఉంది. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయిందని చెప్పడమే తప్ప, ఎందుకో అది చెప్పదు. క్యాబినెట్ తలుపు తీయగానే నాకూ, కొట్టు యజమానికీ తుమ్ములు మొదలయ్యాయి. హీట్ సింక్ రేకుల మధ్య మిరప దుమ్ము ఎర్రగా అట్టకట్టి ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి దూరే సందు లేదు. చాలా ప్రాసెసర్లు వంద డిగ్రీల దరిదాపుల్లోకి వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ చల్లబడకపోతే కరెంటు ఆపేసుకుంటాయి. ఫ్యాన్ రెక్క వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టాను. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది పెట్టాను.

“ఇంతేనా అబ్బాయ్?”

“ఇంతే బాబాయ్‌గారూ. ఆ సీపీయూ మాత్రం నేలమీద పెట్టకండి, బల్లెక్కించండి.”

సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చేవీ తక్కువేం కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్కగట్టింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. ఆ యంత్రాల్లో చాలావాటికి మందు ఫార్మాట్ కాదు. సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసేయడం. మన ఇంట్లోనూ కొత్త డ్రైవర్ తర్వాతే గొడవ మొదలైతే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, డివైస్ మేనేజర్‌లో ‘రోల్ బ్యాక్ డ్రైవర్’ నొక్కితే చాలాసార్లు సరిపోతుంది. విండోస్ ఫైళ్లే చెడితే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిస్మ్, తర్వాత ఎస్ఎఫ్‌సీ కమాండ్లు నడపాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి, లేకపోతే దేనివల్ల బాగైందో తెలియదు.

డిస్కు మీద అనుమానం ఉంటే మాత్రం చెక్‌డిస్క్ జోలికి వెళ్లకండి. ముందు ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కలు బయటి డ్రైవ్‌లోకి కాపీ చేయండి. చావుబతుకుల్లో ఉన్న డిస్కును ఆ పరీక్ష ఇంకా అరగదీస్తుంది. ర్యామ్, డిస్కు, వేడి మూడూ సవ్యంగా ఉన్నాయని తేలి, డేటా భద్రంగా బయట ఉంటే అప్పుడు నిక్షేపంగా ఫార్మాట్ చేసుకోవచ్చు. ఎక్కించేది విండోస్ 10 మాత్రం కాకుండా చూడండి. దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది.

ఈమధ్య పెద్దవాళ్లు మోసపోతున్న సంగతి ఇంకొకటి ఉంది. ఇంటర్నెట్ చూస్తుండగా నీలం తెర వచ్చి, బీప్ మోతతో ‘ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అంటుంది. అసలైన విండోస్ ఎర్రర్ ఫోన్ నంబరు ఇవ్వదు. ఎవరికీ ఫోన్ చేయకండి, ఓటీపీ చెప్పకండి, వాళ్లు ఎక్కించమన్న యాప్ ఏదీ ఎక్కించకండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ చేయండి.